డేరాలో గడిచిన బ్రతుకు

మిషనరీ అనగానే మనకు బంగళా, టోపీ, తెల్లదొర జ్ఞాపకం వస్తాయి. కాని ఆ బ్రతుకులో చాలా భాగం చింతతోపుల్లో, డేరాల్లోనే గడిచింది.

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ సంగతి చూద్దాం. మరుసటి ఏడు ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. ఊరి బయట డేరా, చుట్టూ జనం, మళ్లీ మరో ఊరు: ఇదీ దినచర్య. ఆయనకు దారి చూపినవాడు తాళ్లకొండపాడుకు చెందిన, తోళ్లపని చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగలు చేరితే తమ పిల్లల్ని బడి మానిపిస్తామన్నారు ఒంగోలు అగ్రవర్ణాలవారు. పోతే పోనిమ్మని క్లౌ దొర పేదల పక్షాన నిలిచాడు.

అంతకంటే పెద్ద పరీక్ష 1876–78 కరువు. పూర్వం సర్వే పని చేసినవాడు కనుక బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. అన్నం కోసం వచ్చారా, నమ్మి వచ్చారా? ఈ సందేహంతో నెలల తరబడి ఎవ్వరికీ ఇవ్వలేదు. చివరకు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మన కంభం చెరువును నింపేదీ ఆ గుండ్లకమ్మే.

ఆ సందేహం తీరిందా అంటే, నేటికీ వాదించుకునేవారున్నారు. అయితే ఆ ప్రశ్న ముందుగా తనకు తాను వేసుకోవడంలోనే ఆయన ఎదుగుదల కనబడుతుంది. ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకని పల్లెలకు పోయే మనమూ వేసుకోవాలి: మన సాయం పుచ్చుకున్నవాడు మనకు బాకీ పడ్డాననుకుంటున్నాడా?