పారిస్ పేరు తగిలించుకున్నదల్లా హెచ్‌ఈసీ కాదు

సూరత్‌లోని సచిన్ జీఐడీసీ పారిశ్రామికవాడ చుట్టుపక్కల సాంచాలను నమ్ముకుని బతికే తెలుగిళ్లలో పిల్లల పైచదువుల ప్రస్తావనకు ఇప్పుడు పారిస్ కూడా వచ్చి చేరింది. దాని వెంటే ఒక అపోహా వచ్చింది. ఫ్రాన్సులో పేరున్న బిజినెస్ స్కూలు హెచ్‌ఈసీలో సీటు రాకపోతేనేం, పారిస్‌లో మరో బిజినెస్ స్కూల్లో చేరినా అదే డిగ్రీ, అదే ఉద్యోగం అని. ఈ మాట మీద ఇల్లు తాకట్టు పెట్టేముందు హెచ్‌ఈసీ చరిత్ర కాస్త చూడాలి. 1881లో పారిస్ వాణిజ్య మండలి దాన్ని స్థాపించింది. 1964 నుంచి దాని క్యాంపస్ పారిస్‌లోనే లేదు, వెర్సాయ్ పక్కన జ్వీ ఆన్ జోజాస్ అనే ఊళ్లో ఉంది. (మన అద్దకం బట్టల మీద ఫ్రాన్సు పెట్టిన నిషేధం 1759లో తొలగగానే, ఆ మరుసటి ఏడే ఓబెర్‌కాంఫ్ అనే వ్యాపారి వాటికి పోటీగా అద్దకపు కార్ఖానా తెరిచింది ఈ ఊళ్లోనే. సూరత్ వాళ్లకు ఈ సంగతి తెలిసుండాలి.) అసలు స్కూలే పారిస్‌లో లేనప్పుడు, బోర్డు మీద పారిస్ అని ఉంటే ఏం రుజువవుతుంది? కెనడాలోని హెచ్‌ఈసీ మోంట్రియల్‌కూ దీనికీ పేరు కలిసిందే తప్ప అది దీని శాఖ కాదు.

హెచ్‌ఈసీ కూడా సర్కారు కాలేజీ కాదు కదా, మిగతా ప్రైవేటు స్కూళ్లను తప్పుపట్టడమెందుకు అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. తేడా ప్రైవేటు, ప్రభుత్వం అన్నదగ్గర లేదు. ఫ్రాన్సులో బిజినెస్ స్కూల్ అని బోర్డు పెట్టుకోవడానికి, ఎంబీఏ అని కోర్సుకు పేరు పెట్టుకోవడానికి పెద్ద అడ్డేమీ లేదు. కానీ ఒక డిప్లొమాకు మాస్టర్ గ్రేడ్ ఇచ్చే అధికారం మాత్రం ప్రభుత్వానిదే. అందుకు ముందు ప్రత్యేక సంఘం కోర్సును పరిశీలిస్తుంది, ఆ గుర్తింపూ గడువుతోనే ఉంటుంది. హెచ్‌ఈసీ, ఎసెక్, ఈఎస్‌సీపీ అనే బిజినెస్ స్కూళ్ల గ్రాండ్ ఎకోల్ (పోటీ మీద చేర్చుకునే ఉన్నత విద్యాసంస్థ) డిగ్రీలకు అది ఉంది. ఏజెంట్లు అంతకంటే ఎక్కువగా చూపించేది ఆర్‌ఎన్‌సీపీ నమోదు. అదీ ప్రభుత్వ పట్టికే, అబద్ధం కాదు. అయితే అది ఫలానా వృత్తికి నైపుణ్యం ఉందని చెప్పే నమోదు, విశ్వవిద్యాలయ డిగ్రీతో సమానమనే హామీ కాదు. చదువయ్యాక అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కునే అనుమతి దగ్గర ఈ తేడా తెలిసొస్తుంది, అప్పటికి ఫీజు వాళ్ల జేబులో ఉంటుంది. విదేశీ విద్యార్థుల కోసం ఫ్రాన్సు ప్రభుత్వం నడిపే కాంపస్ ఫ్రాన్స్ సంస్థ ఇంటర్వ్యూ దాటితే కాలేజీ మంచిదన్నట్టే అనేది మరో భ్రమ, అది వీసా దారిలో ఒక మెట్టు, అంతే.

ఫ్రాన్సులో చదువు ఉచితమన్నదీ ఈ కోవలోదే. 2019 నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కూడా ఐరోపా బయటి విద్యార్థుల నుంచి మాస్టర్స్‌కు ఎక్కువ ఫీజు వసూలు చేయవచ్చు, 2019లో అది ఏడాదికి 3,770 యూరోలు. కొన్ని తగ్గిస్తాయి, అది వేరే సంగతి. హెచ్‌ఈసీ ఎంబీఏ పదహారు నెలలకు ఫీజు లక్ష యూరోల దరిదాపుల్లో ఉంటుంది. పైగా అది కొన్నేళ్లు ఉద్యోగం చేసినవాళ్ల కోసం. నిన్న డిగ్రీ పాసైన పిల్లవాడికి తగ్గది మాస్టర్ ఇన్ మేనేజ్‌మెంట్, ఫ్రెంచి పిల్లలు దానికి రెండేళ్లు ప్రిపా అనే సన్నాహక కోర్సు చదివి పోటీ పరీక్ష రాసి వస్తారు, మనవాళ్లకు వేరే దారి ఉంది, అందులో జీమ్యాట్ లాంటి పరీక్ష ఉంటుంది. పరీక్షలేవీ అక్కర్లేదు, రేపే సీటు అన్నారంటే అది హెచ్‌ఈసీ గురించి కాదన్నమాట.

ఫ్రెంచి రాకపోతే పని జరగదన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. ఇలాంటి కోర్సుల్లో పాఠాలు చాలావరకు ఇంగ్లిషులోనే చెబుతారు, ఆ మేరకు అది అపోహే. కానీ ఫ్రాన్సులోనే ఉద్యోగం కావాలంటే చాలా చోట్ల ఆ భాష లేకుండా గుమ్మం దాటలేరు, ఒప్పుకోక తప్పదు. ఏదేమైనా ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు అడగాల్సినవి రెండున్నాయి: డిప్లొమా మీద అచ్చయ్యే పేరేమిటి, దానికి మాస్టర్ గ్రేడ్ ఏ సంవత్సరం వరకు ఉంది. కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వనంటే ఆ డబ్బుతో పిల్లల్ని ముందు ఫ్రెంచి క్లాసులో చేర్చండి.