ప్రజావిమోచనమునకు పాట తోడ్పడిన విధము



మల్లాపూరు, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఒగ్గుకథ నెరుగని పెద్ద లుండరు. మల్లన్న, ఎల్లమ్మ, బీరప్పల కథలను ఒగ్గువారు డోలు, తాళములతో రాత్రి తెల్లవార్లు చెప్పుదురు. ఆ కథలను పుస్తకములలో చదివినవారు కొలదిమందియే. విని జ్ఞాపకముంచుకొన్నవారు అనేకులు. అక్షరము రానివాని హృదయములోగూడ పాట నిలుచును. నేటి ప్రసంగమునకు ఈ సంగతియే మూలము.

నైజాం రాజ్యములో 1940 తరువాతి సంవత్సరములలో వెట్టిచాకిరికిని, దేశముఖుల నిర్బంధములకును ఎదురుగా రైతులు లేచిరి. చదువరులు బహు స్వల్పముగా నున్న ఆ దినములలో ఉద్యమ సందేశమును పల్లెపల్లెకు మోసినది పాటయే. నల్లగొండ సీమలోని సుద్దాల గ్రామవాసి హనుమంతుగారు క్రొత్త సంగీతమును వెదకలేదు. గొల్లసుద్దులను, బుర్రకథను, యక్షగానమును గైకొని, వానిలో పసులకాపరి బాలుని కష్టమును, వెట్టివాని బాధను నిలిపిరి. బాణీ పాతది గనుక జనులు వెంటనే అందుకొనిరి. కష్టము తమదే గనుక విడువరైరి. బండి యాదగిరిగారి పాట నైజాము ప్రభువునే నిలదీసినది. పత్రికను జప్తు చేయవచ్చును. నోటినుండి నోటికి పోవు పాటను జప్తు చేయుట ఎవరి తరము? 1948 సెప్టెంబరు 17న నైజాం పాలన ముగిసినను ఆ పాటలు నేటికిని వినబడుచున్నవి.

ఇట్టి దృష్టాంతమే ఆఫ్రికా ఖండములోను గలదు. ఇప్పటి జింబాబ్వే దేశమును పూర్వము రొడీషియా యను పేరుతో కొలదిమంది తెల్లవారు ఏలుచుండిరి. అచ్చటి షోనా జనుల ప్రాచీన వాద్యము ఎంబిరా. చెక్కపలకపై ఇనుప రేకులను బిగించి వ్రేళ్లతో మీటుదురు. పితృదేవతలను పిలుచుటకు దానిని వాయింతురు. థామస్ మాప్ఫూమో యను గాయకుడు మొదట ఆంగ్లగీతములు పాడి, 1970 తరువాత షోనా భాషకు మరలెను. ఆయన బృందమువారు ఎంబిరా స్వరములను గిటారు తంత్రులపై పలికించిరి. ఆ గీతములకు చిమురెంగా, అనగా పోరాటము, అని పేరు. 1979లో ఆయనను విచారణ లేకయే నిర్బంధించిరి. 1980 ఏప్రిల్ 18న దేశము స్వతంత్రమయ్యెను.

కథ అంతటితో ముగియలేదు. 1989లో ఆయన స్వదేశ పాలకుల అవినీతినిగూర్చియు పాడెను. అది వారికి రుచింపలేదు. తుదకు ఆయన అమెరికాలో వసింపవలసి వచ్చెను. పరాయి దొర నడిగిన నోరు తనవారినిగూడ అడుగును. అందుచేతనే పాటను మెచ్చిన పాలకులే పిమ్మట దానికి జంకుదురు.

2014 జూన్ 2న ఏర్పడిన తెలంగాణ రాష్ట్రముకొరకు జరిగిన ఉద్యమములోను సభలను నిలిపినవి డప్పును, పాటయును. ఆనాటి గాయకులకు ఆ బాణీలను ఒసగినవి మన పల్లెలే. కావున పెద్దలకు నా మనవి యొక్కటి. మీ యూర ఒగ్గుకథ జరిగినపుడు పిల్లలను ముందు కూర్చుండబెట్టుడు. కథతోపాటు వంతపాడుటయు నేర్పింపుడు. రేపు వారికి చెప్పుకొనవలసిన కష్టము వచ్చినచో, క్రొత్తమాటను మోయుటకు పాతబాణీ మిగిలియుండవలెను గదా!