చీపురంటే భయం

కుక్కపిల్లని తెచ్చుకుంటే ఇంటికి కాపలా దొరుకుతుందనుకున్నాను గాని, మా ఇంటిల్లిపాదీ దానికి కాపలా కాయవలసి వస్తుందని అనుకోలేదు సుమండీ!

మాది సోమందేపల్లె. పెనుకొండ నుంచి హిందూపురం పోయే బస్సులో కూచుంటే దారిలో తగులుతుంది. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గాని వానల తీరు మారలేదు. మా వీధికి నీళ్ళు ట్యాంకరు మీద రావలసిందే.

మిత్రుడొకాయన బెంగుళూరికి మకాం ఎత్తేస్తూ మూడున్నర నెలల పిల్లని మాకు ఒప్పజెప్పాడు. ఊరకుక్క జాతే. ఒక చెవి నిలబడి, రెండోది వాలి, చూడ ముచ్చటగా ఉంది. "మీరు గూడా వద్దంటే రోడ్డు మీద వదిలెయ్యటమే" అన్నాడు. మా ఊరి పక్కన పెద్దరోడ్డు మీద రాత్రింబవళ్ళు లారీలు పోతూనే ఉంటాయి. ఇంక ఆలోచించటానికేముంది?

మొదటి రోజు నట్టింట బండల మీద మూడుసార్లు పోసింది. రెండోరోజు ఐదుసార్లు. కడిగినప్పుడల్లా బిందెడు నీళ్ళు. మా ఆవిడ బిందెలు లెక్కపెట్టి, "ఆదివారం దాకా చూస్తానండీ. ఆ తరువాత దీన్ని ఎక్కడినుంచి తెచ్చారో అక్కడికే పంపెయ్యండి" అంది. నీళ్ళు మోసేది ఆవిడ. అనటం సబబే.

ఎదురింటి పెద్దాయన, "మూతి పట్టుకోని దాంట్లోనే రుద్దప్పా. ఇంగ జన్మలో పొయ్యదు" అన్నాడు. చాలా ఇళ్ళలో ఇదే వైద్యం. నేనూ ఆ పని చేసేవాణ్ణే. టీకా వేయించాలని ముందుగా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవటం దాని అదృష్టం.

డాక్టరు చెయ్యెత్తాడో లేదో, అది చెవులు వెనక్కి పెట్టి, నేలకు కరుచుకుపోయి, అక్కడే పోసింది. ఆయన కోప్పడలేదు. "ఇది పొగరూ కాదు, మరుపూ కాదు. పెద్దకుక్క ముందు చిన్నపిల్ల పెట్టే దణ్ణం. నన్ను కొట్టొద్దని చెప్పటం. మీరు కొడితే దణ్ణం ఇంకా పెద్దదవుతుంది" అన్నాడు.

ఇంటికొచ్చి గమనిస్తే, సగంసార్లు చీపురు చేతికెత్తిన క్షణాన్నే పోస్తోంది. అంతకు ముందున్న చోట దాని వీపు మీద ఏం ఆడిందో వేరే చెప్పాలా?

భారతం ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఉంది, గుర్తుందా? జనమేజయుడి యాగశాలకు ఆడుకుంటూ వచ్చిన సరమ కొడుకుని రాజుగారి తమ్ముళ్ళు ఊరికే కొట్టారు. సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీసి, మీకు ఎదురుచూడని భయం కలుగుతుందని శపించి పోయింది. మా ఇంట్లో శాపం పిల్లకే తగిలింది.

ఇక పని మొదలెట్టాం. పిల్లకుక్క ఎన్ని నెలలదైతే సుమారు అన్ని గంటలే ఆపుకోగలదు. భయపడ్డది అంతసేపు గూడా ఆపుకోలేదు. అందుకని నిద్రలేవగానే, తినగానే, ఆడగానే, అవేవీ లేకపోతే రెండు గంటలకొకసారి పెరట్లో వేపచెట్టు కింద ఎర్రమట్టి దగ్గరికే తీసుకుపోయేవాణ్ణి. టీకాలు పూర్తి కాలేదు గనుక వీధిలోకి పోనివ్వలేదు. అర్ధరాత్రి ఒకసారి నేనే లేచేవాణ్ణి. అక్కడ పోసిన మరుక్షణం ఉడికిన గుడ్డుముక్క పెట్టాలి. లోపలికొచ్చాక పెడితే, లోపలికి వచ్చినందుకే పెట్టారనుకుంటుంది. లోపల పోస్తే మాట్లాడకుండా పాతకాగితంతో అద్ది, వెనిగరు కలిపిన నీళ్ళతో తుడిచెయ్యటమే. వాసన మిగిలితే మళ్ళీ అదే చోటు వెతుక్కుంటుంది. బిందెడు ఖర్చయ్యే చోట చెంబుడుతో సరిపోయింది. మా ఆవిడ మొహం కాస్త విచ్చుకుంది.

చీపురు సంగతే కష్టమైంది. దాన్ని నేలమీద పడుకోబెట్టి, బారెడు దూరంలో గుడ్డుముక్క వేశాం. మొదటిరోజు రాలేదు. మూడోరోజు మెడ ఒక్కటే సాచి అందుకుంది. రోజూ ముక్కని జానెడు దగ్గరికి జరిపాం. దాని మీదికి వంగొద్దనీ, పక్కకు తిరిగి కూచోమనీ పిల్లలకు చెప్పాను. ఆదివారం వచ్చింది, పోయింది. పంపే మాట ఎవరూ ఎత్తలేదు. మూడోవారానికి మా ఆవిడ చీపురు ఎత్తి ఊడుస్తూంటే, అది గడప దగ్గర కూచుని చూస్తోంది. వణుకుతూనే ఉంది గాని పొయ్యలేదు. ఆవిడే చీపురు పక్కన పెట్టి, కొంగుముడిలోంచి గుడ్డుముక్క తీసింది. కొంగులో గుడ్డు ఎప్పటినుంచి ఉంటోందో నేనడగలేదు!

పూర్తిగా నయమైందని మాత్రం చెప్పను. మొన్న ట్యాంకరు అబ్బాయి వాకిట నిలబడి గొంతెత్తి పిలిచేసరికి మళ్ళీ నాలుగు చుక్కలు పడ్డాయి. నేను కాగితం కోసం లేచేలోపలే మా ఆవిడ వాకిట్లోకి వెళ్ళింది.

"కొంచెం కూచోని మాట్లాడప్పా, పిల్ల బెదురుతుంది."