మీకు తెలుసా? స్ప్రే గన్ను పుట్టింది డాక్టరు ఇంట్లో!

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగు కొట్టే గన్నుకు మూలం, రోగి గొంతులో మందు చల్లే చిన్న పరికరం. అమెరికాలోని టొలీడోలో డాక్టర్ అలెన్ డెవిల్బిస్ దాన్ని తయారుచేస్తే, ఆయన కొడుకు థామస్ 1907లో రంగు చల్లే గన్నుగా మలిచాడు. అంతకుముందే 1887లో షికాగోలో జోసెఫ్ బింక్స్ ఓ పెద్ద దుకాణం నేలమాళిగకు వెల్ల వేయడానికి చేతిపంపు యంత్రం కట్టాడు. వరికి మందు కొట్టే పంపు చూసిన డెల్టా రైతుకు అదేం వింత కాదు.

ఇప్పుడు ఇంటి గేటుకూ గ్రిల్స్‌కూ కరెంటు గన్నులొచ్చాయి. పేచీ అంతా మూసుకుపోవడంతోనే. రంగు ఆగగానే నాజిల్లో పిన్నీసు పొడుస్తారు. ఆ పని వద్దు, రంధ్రానికి గీత పడితే ధార పక్కకు పోతుంది. ముందు ప్లగ్ తీసి, డబ్బాలోకి గాలి వెళ్లే సన్నదారి చూడండి. అది పూడితే నాజిల్ అద్దంలా ఉన్నా చుక్క రాదు. తర్వాత నాజిల్‌ను ఎమల్షన్ అయితే గోరువెచ్చని నీళ్లలో, ఎనామిల్ అయితే థిన్నర్‌లో నానబెట్టి చీపురుపుల్లతో తీయాలి. రబ్బరు రింగులు మాత్రం థిన్నర్‌లో వేయకండి, ఉబ్బిపోతాయి.

అసలు రంగును పాత పంచెగుడ్డలో వడకడితే, డబ్బాలో కట్టిన మీగడ అక్కడే ఆగిపోతుంది. బెజవాడ మే ఎండలో రంగు గోడ చేరేలోపే ఆరి గరగరలాడుతుంది. పొద్దున్నే, జానెడు దూరం నుంచి కొట్టండి.