షిఫ్ట్ మారే ఆ పది నిమిషాల్లోనే ఉంది అసలు సంగతి

హైదరాబాద్: పొద్దున్నే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కంపెనీ బస్సుల కోసం నిలబడే వాళ్లను చూసే ఉంటారు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ వైపు మందుల ఫ్యాక్టరీలకు వెళ్లే కార్మికులు వీళ్లు. ఉదయం షిఫ్ట్ వాళ్లను దింపిన బస్సే రాత్రి షిఫ్ట్ వాళ్లను ఎక్కించుకుని వస్తుంది. బస్సు హారన్ కొడుతుంటే, దిగిపోయేవాడు "అంతా ఓకే భయ్యా" అనేసి పరుగెడతాడు. చిక్కంతా ఆ ఒక్క మాటతోనే.

1988 జులై 6న బ్రిటన్ దగ్గర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు కేంద్రంలో జరిగింది ఇదే. రిపేరు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వ్ తీశారు. పని పూర్తి కాలేదని పగటి షిఫ్ట్ వాళ్లు కాగితం రాశారు. ఆ సంగతి రాత్రి షిఫ్ట్‌కు చేరలేదు. పంపు ఆన్ చేశారు, గ్యాస్ లీకైంది. 167 మంది చనిపోయారు.

అందుకే హ్యాండోవర్ నోటిమాటగా ఉండకూడదు. ఇద్దరూ కలిసి మెషిన్ దాకా నడవాలి. ఏ వాల్వ్ మూసి ఉంది, ఏది రిపేరులో ఉంది, రాత్రి ఏ అలారం మోగింది అన్నది పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒడిశా, బిహార్ కార్మికులుంటే వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇంగ్లిష్ ఫారం నింపితే ఆడిట్‌కు పనికొస్తుందేమో, ప్రాణానికి కాదు.

తర్వాత బోర్డు దగ్గర చిన్న మీటింగ్. నిన్న ఏం ఆగింది, ఎవరు బాగుచేస్తారు, ఎప్పటిలోగా? పేరు, టైమ్ రాయకపోతే అదే సమస్య రేపూ బోర్డు మీదే ఉంటుంది. చాలాచోట్ల ఈ మీటింగ్‌ను తిట్లకే వాడుకుంటారు. తిట్లు పడతాయంటే లీకేజీ చూసినవాడు కూడా నోరు విప్పడు.

హాజరు కూడా అప్పుడే తేలాలి, కాంట్రాక్ట్ వాళ్లతో సహా. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 54 మంది పోయారు. గల్లంతైన వాళ్ల లెక్క తేలడానికే రోజులు పట్టింది, గేటు బయట ఇంటివాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోయారు.

ఈ పది, పదిహేను నిమిషాలు కూడా డ్యూటీయే. చట్టం చెప్పిన పనిగంటలు దాటితే రెట్టింపు ఓవర్‌టైమ్ లెక్కకట్టాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ముందుగా మార్చాల్సింది మాత్రం బస్సు బయల్దేరే టైమ్.