ఇంటిపై సోలార్ పలకలు - లెక్క చూచుకొని వేయించుడు

యానాంలో సోలార్ పలకల ప్రస్తావన ఇంటింటికి వచ్చినది. "78,000 రూపాయలు ప్రభుత్వమే ఇచ్చునట గదా" అని సభ్యులు మమ్ము అడుగుచున్నారు. మాట నిజమే గాని ఆ మొత్తము అందరికి వచ్చునది కాదు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకములో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటు ఒక్కింటికి 30,000 రూపాయలు, మూడవ కిలోవాటుకు 18,000 రూపాయలు రాయితీ గలదు. అంతకు మించి ఎన్ని వేసినను 78,000 దాటదు. ఇది నివాస గృహములకు మాత్రమే. 2025 సెప్టెంబరు 22 నుండి ఈ సామగ్రిపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతమునకు తగ్గినది. పాత ధర చెప్పువానిని ఈ సంగతి అడుగవలెను.

మన మగ్గము కాలితో, చేతితో నడచునది. దీపము, పంకా, కండెలు చుట్టు మోటారు, ఇంతే మన ఖర్చు. పుదుచ్చేరి విద్యుత్ శాఖ బిల్లులో మొదటి 100 యూనిట్ల ధర తక్కువ, ఆపైన పెరుగుచుండును. కావున తక్కువ వాడు ఇంటికి లాభము తక్కువ.

ఉదాహరణకు నెలకు 200 యూనిట్లు వాడు ఇంటికి 2 కిలోవాట్లు 1,20,000కు వేసినారనుకొందము. రాయితీ 60,000 పోగా మన చేతిది 60,000. మన ఎండకు కిలోవాటు రోజుకు సగటున 4 యూనిట్లు ఇచ్చును. యూనిటు సగటున 4 రూపాయలైన ఏడాదికి 9,600 మిగులును. ఆరేండ్ల పైచిలుకులో సొమ్ము తిరిగివచ్చును. పలకలు 25 ఏండ్లు పనిచేయును గనుక ఇది మంచి బేరమే.

అదే 80 యూనిట్ల ఇల్లయినచో? 1 కిలోవాటు 65,000. రాయితీ పోగా 35,000. యూనిటు 3 రూపాయల వంతున ఏడాదికి 2,880 మాత్రమే మిగులును. పండ్రెండేండ్లు పట్టును! ఆ 35,000తో నూలు కొనుట మేలని మా అభిప్రాయము. నూలు పెట్టుబడి తీసి పలకలపై పెట్టవద్దు.

రాయితీ ముందుగా రాదు. పలకలు బిగించి, నెట్ మీటరు పెట్టి, తనిఖీ అయిన పిమ్మటనే బ్యాంకు ఖాతాలో పడును. అంతవరకు సొమ్ము మనదే. లేనిచో బ్యాంకు అప్పు. 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండ అప్పు ఇచ్చు ఏర్పాటు పథకములోనే ఉన్నది. వడ్డీని పై లెక్కలో కలుపుకొనుడు. మీటరు స్థిర చార్జీ ఎటులను తప్పదు.

కరెంటు పోయిన రాత్రి పలకలు దీపము వెలిగించునని కొందరు అనుకొనుచున్నారు. బ్యాటరీ లేని ఏర్పాటు లైను పోగానే, పగలైనను, ఆగిపోవును. లైనుపై పనిచేయు మనిషికి ప్రమాదము లేకుండుటకే అటుల చేసినారు. బ్యాటరీకి ఖర్చు వేరు.

కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడ లేని డాబా కావలెను. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఒక్క పలకపై పడినను తక్కినవాటి రాబడి కూడ తగ్గవచ్చును. 1996 నవంబరు తుఫాను చూచినవారికి చట్రము గట్టిగా ఉండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. ఉప్పుగాలికి తుప్పుపట్టని జింకు పూత చట్రమే అడుగుడు.

దరఖాస్తు మీటరు ఎవరి పేర ఉన్నదో వారి పేరనే పెట్టవలెను. ఇంకను తాతగారి పేర బిల్లు వచ్చుచున్నచో ముందు పేరు మార్పించుకొనుడు. పండ్రెండు నెలల బిల్లులు తెచ్చినచో సంఘ కార్యాలయములో మీ యింటి లెక్క మేము వేసి చూపగలము.