చెరువు నీటిపై పచ్చని తెట్టు: విషాన్ని నిర్ణయించే జన్యువులు

గార్ల, బయ్యారం ప్రాంతాలలో చెరువులు సాగుకే కాక పశువుల తాగునీటికీ ఆధారం. పొలాల నుండి నత్రజని, భాస్వరం చేరిన చెరువులలో, ఎండలు ముదిరి నీరు నిలకడగా ఉన్నప్పుడు, మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు తెట్టుగా పెరగవచ్చు. ఇందులో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని ఉత్పత్తి చేస్తాయి.

ఈ విషోత్పత్తికి ఎం.సి.వై. అనే 10 జన్యువుల సముదాయం మూలం. అది లేని రకాలు విషరహితం. అయినా సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. పి.సి.ఆర్. పరీక్షతో ఈ జన్యువులను గుర్తించవచ్చు. అయితే వాటి ఉనికి నీటిలోని విషం మోతాదును తెలుపదు.

మరిగించినా ఈ విషం నశించదు. మైలుతుత్తం చల్లితే కణాలు పగిలి విషం నీటిలో కలుస్తుంది. కనుక తెట్టు కట్టిన నీటిని పశువులకు తాపరాదు.